కలుగు చుట్టూ కథంతా: కాలిఫోర్నియా నేల ఉడుత

1918 ఏప్రిల్ ఆఖరు వారంలో కాలిఫోర్నియా ప్రభుత్వం బడిపిల్లలకు ఒక పని అప్పజెప్పింది. ఉడుతలను చంపి, తోకలు తెచ్చి బళ్లో అప్పగించాలి. ఎక్కువ తోకలు పోగేసిన బడికి బహుమతి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి పోస్టర్లలో ఉడుతల నెత్తిన జర్మన్ సైనికుల మేకు టోపీలు పెట్టారు. దేశం గింజలు తినేసే ఉడుత జర్మన్ చక్రవర్తి కైజర్ పక్షానే ఉన్నట్టని చెప్పారు. బార్లీకి స్ట్రిక్నిన్, అంటే మన ముష్టి గింజల్లో ఉండే విషం, ఏ పాళ్లలో పట్టించాలో కూడా జనానికి నేర్పారు. ఆ ఒక్క వారంలో లక్షకు పైగా తోకలు లెక్కకొచ్చాయి.

అంత చంపినా ఆ జాతికి ఏమీ కాలేదు. ఇవాళ వాషింగ్టన్ రాష్ట్రం నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా గడ్డి కొండల మీద, తోటల గట్ల మీద, పార్కుల్లో, హైవేల పక్కన ఈ ఉడుత దర్జాగా నిలబడి కనిపిస్తుంది. శాస్త్రీయ నామం ఓటోస్పెర్మోఫిలస్ బీచీ. 1820ల్లో పసిఫిక్ యాత్ర చేసిన బ్రిటిష్ నౌకాధికారి ఫ్రెడరిక్ బీచీ పేరు అలా దీనికి అంటుకుంది. తల నుంచి నడుము దాకా 9 నుంచి 11 అంగుళాలు, ఆపైన కుచ్చు తోక. బూడిద, గోధుమ కలిసిన ఒంటి మీద లేత రంగు చుక్కలు, మెడ పక్కల నుంచి భుజాల మీదికి దిగే తెల్లని పట్టీలు. వీపున మూడు చారల మన ఉడుతకు ఇది దూరపు చుట్టమే. దీనికి దగ్గర బంధువులు ఇండియాలో ఉన్నాయి గానీ మన వైపు కాదు, లద్దాఖ్‌లో. అక్కడ టూరిస్టులు బిస్కెట్లు పెట్టి పాడుచేస్తున్న మార్మట్‌లు ఈ నేల ఉడుతల తెగవే.

ఈ జంతువు గురించి ఏ సంగతి ఎత్తినా చివరికి దాని కలుగు దగ్గరికే వస్తుంది. అది బతికి బట్టకట్టడానికి కారణం కలుగు. రైతు దాన్ని తిట్టుకోవడానికీ, గుడ్లగూబ దాని మీద ఆధారపడటానికీ కారణం కలుగే.

చెట్టెక్కడం రాదని కాదు. బాదం కాయల కోసమో ఓక్ కాయల కోసమో బాగానే ఎక్కుతుంది. కానీ భయం వేస్తే మాత్రం కిందికే పరుగు. ఇంటికి 75 గజాలు దాటి వెళ్లడం అరుదు. కలుగు నోరు సుమారు 4 అంగుళాల వెడల్పు ఉంటుంది. సొరంగం నేలకు రెండున్నర నుంచి నాలుగు అడుగుల లోతున, 5 అడుగుల నుంచి 30 అడుగుల దాకా, ఒక్కోసారి ఇంకా పొడవుగా సాగుతుంది. బయటికి దారులు చాలానే ఉంటాయి. గుంపుగా, పక్కపక్కనే కలుగులు తవ్వుకుని బతుకుతాయి. ఒక తరం తవ్వినదాన్ని తర్వాతి తరం పొడిగిస్తూ పోతుంది కాబట్టి పాత కాలనీల కింద నేల జల్లెడలా తయారవుతుంది.

ఏడాదిలో చాలా భాగం ఇవి బయటికే రావు. చలికాలంలో పెద్దవి కలుగు దారిని మట్టితో మూసి దీర్ఘనిద్రలోకి జారుకుంటాయి. ఒంటి వేడి పడిపోతుంది, గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదిస్తుంది. లోపలి లోయల్లో వేసవి మండిపోయే చోట్ల ఎండలకూ ఇదే పని చేస్తాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మాత్రం, చలి మరీ ఎక్కువ లేని ప్రాంతాల్లో, పెద్దలు పడుకున్నాక కూడా బయట తిరుగుతుంటాయి. చలికాలం వెళ్లేవేళ ముందు మగవి లేస్తాయి, తర్వాత ఆడవి. సంవత్సరానికి ఒకే కాన్పు. నెల రోజుల గర్భం తర్వాత ఏడెనిమిది పిల్లలు పుడతాయి, పది దాకా కూడా ఉండొచ్చు. ఆరు వారాల వయసుకు కలుగు నోటి దగ్గర తలలు కనిపించడం మొదలవుతుంది. ఆర్నెల్లకు చూపులకు పెద్దవాటిలాగే ఉంటాయి. ఒక్క వారం చంపుడు కార్యక్రమం వీటిని ఎందుకు తుడిచిపెట్టలేదో అర్థం కావాలంటే ఈ లెక్క చాలు. చచ్చినవాటి ఖాళీ కలుగుల్లోకి పక్క కాలనీ నుంచి వచ్చి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

తిండి కాలాన్ని బట్టి మారుతుంది. వానల తర్వాత కొండలు పచ్చబడినంత కాలం లేత గడ్డి, ఆకులు. ఎండలు ముదిరి గడ్డి పసుపు రంగుకు తిరిగాక గింజలు, కాయలు. బుగ్గల లోపల సంచులు ఉంటాయి. వాటి నిండా కుక్కుకుని కలుగుకు చేరవేసి దాస్తాయి. పురుగులు, పక్షి గుడ్లు దొరికినా వదలవని ఎప్పటినుంచో తెలుసు. చచ్చిన జంతువు కనిపిస్తే కొరకడమూ తెలుసు. ఎంతైనా గింజలు తినే ప్రాణి, మాంసం ఏదో అప్పుడప్పుడు రుచి చూస్తుంది అన్నదే పుస్తకాల మాట.

2024 వేసవిలో ఆ మాట చెదిరింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున కాంట్రా కోస్టా కౌంటీలో బ్రియోన్స్ అనే పార్కు ఉంది. అక్కడి ఉడుతల ప్రవర్తనను విస్కాన్సిన్, డేవిస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అప్పటికి పన్నెండేళ్లుగా గమనిస్తున్నారు. ఆ ఏడు జూన్, జులై నెలల్లో ఉడుతలు వోల్‌లను వెంటాడి చంపుతున్న వీడియోలు విద్యార్థులు తీసుకొచ్చారు. వోల్ అంటే పొట్టి తోక, గుండ్రటి మొహం ఉన్న గడ్డి ఎలుక లాంటి జీవి. ఉడుత గడ్డిలో కడుపు నేలకు ఆనించి నక్కుతుంది. వోల్ దగ్గరికి రాగానే ఒక్క ఉరుకున మీద పడి, ముందు కాళ్లతో అదిమి, మెడ కొరుకుతుంది. తర్వాత తల పీకేసి తినడమో, మొండెంలోంచి మాంసం లాగడమో చేస్తుంది. పక్కనున్న ఉడుతలు ఊరుకోవు, గుంజుకోవడానికి వస్తాయి. ఆ రెండు నెలల్లో ఉడుతకూ వోల్‌కూ మధ్య నమోదైన 74 సంఘటనల్లో 42 శాతం నేరుగా వేటే. ఆడ, మగ, పెద్ద, పిల్ల అన్న తేడా లేకుండా అన్నీ చేశాయి.

అప్పటిదాకా ఎందుకు చూడలేదు? ఆ ఏడు ఆ ప్రాంతంలో వోల్‌లు విపరీతంగా పెరిగాయి, పదేళ్ల సగటుకు ఏడు రెట్లు. జులై మొదటి రెండు వారాల్లో వాటి సంఖ్య ఉచ్చస్థాయికి చేరింది, వేట కూడా సరిగ్గా అప్పుడే జోరందుకుంది. అంటే ఉడుత కొత్తగా మాంసాహారి అయిందని కాదు. ఏది దండిగా దొరికితే దాన్ని తినే గుణం దానికి మొదట్నుంచీ ఉంది, ఆ వేసవిలో దొరికింది ఎలుకలు. పత్రికలు ‘రక్తం రుచి మరిగిన ఉడుతలు’ అన్న ధోరణిలో రాశాయి గానీ, అందులో భయం కన్నా ఆసక్తి కలిగించేది వేరే. పార్కుకు వచ్చే జనం రోజూ చూసే జంతువు, పరిశోధకులు పన్నెండేళ్లుగా కళ్లు పెట్టుకుని ఉన్న జంతువు, ఇంత పెద్ద పని చేస్తుందని ఎవరూ ఊహించలేదు.

వేటగాడిగా దాని పేరు కొత్తదే. పాము ముందు దాని తీరు మాత్రం శాస్త్రవేత్తలకు పాత సబ్జెక్టు. డేవిస్‌లో డోనాల్డ్ ఓయింగ్స్, రిచర్డ్ కాస్ అనే ఇద్దరు దశాబ్దాల తరబడి దీని మీదే పనిచేశారు. ఇక్కడి ప్రధాన శత్రువు రాటిల్ స్నేక్, తోక చివర గిలక ఆడించి హెచ్చరించే విషసర్పం. వేసవి మొదట్లో దానికి ఇష్టమైన తిండి కలుగులోని ఉడుత పిల్లలు. పెద్ద ఉడుతల రక్తంలోని ప్రోటీన్లు ఈ పాము విషాన్ని చాలావరకు విరిచేస్తాయి. పాములు ఎక్కువున్న ప్రాంతాల ఉడుతల్లో ఈ శక్తి ఎక్కువ, పాములు లేని చోట తక్కువ. పిల్లల రక్తంలోనూ ఆ ప్రోటీన్లు ఉంటాయి కానీ ఒంట్లో రక్తమే కాస్త, ఒక కాటు విషాన్ని తట్టుకోవడానికి చాలదు. కాబట్టి తల్లి పారిపోదు.

పాము కనిపించిన ఉడుత చేసే పనులు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒళ్లంతా ముందుకు సాగదీసి, వెనక కాళ్లు ఎప్పుడైనా వెనక్కి ఎగరడానికి సిద్ధంగా పెట్టుకుని, ముక్కు ముందుకు చాచి దగ్గరికి పోతుంది. తోక వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని తోక లావెక్కుతుంది. దాన్ని అటూ ఇటూ ఊపుతూనే ఉంటుంది. ముందు కాళ్లతో మట్టి తీసి పాము మొహాన కొడుతుంది. పాము చిరాకు పడి గిలక ఆడిస్తే ఉడుతకు కావలసింది అదే. పెద్ద పాము, ఒళ్లు వెచ్చబడిన పాము ఆడించే గిలక చప్పుడు వేరు. చిన్నదీ చల్లబడి మందంగా ఉన్నదీ ఆడించే చప్పుడు వేరు. ఎంత ప్రమాదకరమైన పామో ఆ చప్పుడును బట్టి ఉడుత అంచనా కట్టగలదని ప్రయోగాల్లో తేలింది. పాము కాటు వేసినా చాలాసార్లు తగలదు, ఉడుత గాల్లోకి ఎగిరి తప్పించుకుంటుంది. పొంచి కూర్చున్న పాము తన ఆచూకీ తెలిసిపోయిందని గ్రహిస్తే ఆ చోటు వదిలి వెళ్లిపోతుంది. తోక ఊపడం వల్ల అసలు లాభం అది.

ఇక్కడ 2007లో బయటపడిన సంగతి ఒకటి ఉంది, ఈ రంగంలో దీన్ని మించినది లేదనిపిస్తుంది. రాటిల్ స్నేక్‌కు కంటికీ ముక్కుకూ మధ్య ఒక గుంట ఉంటుంది, దానితో అది వేడిని పసిగడుతుంది. ఏరన్ రండస్ అనే పరిశోధకుడు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే, ఈ పాము ఎదురైనప్పుడు ఉడుత తోక వేడెక్కుతోంది. తోకలోకి రక్తం ఎక్కువగా పంపిస్తోందన్నమాట. అదే విషం లేని గోఫర్ స్నేక్ ఎదురైతే తోక ఊపుతుంది గానీ వేడెక్కించదు, ఎందుకంటే ఆ పాముకు వేడిని చూసే గుంట లేదు. ఇది నిజంగా పని చేస్తుందా అని తేల్చడానికి తోకలో హీటర్ అమర్చిన రోబో ఉడుతను తయారుచేసి పాము ముందు పెట్టారు. తోక వేడిగా ఉన్నప్పుడు పాము వేట ధోరణి మాని, తనను తాను కాపాడుకునే భంగిమలోకి వెళ్లింది.

ఇంకో ఎత్తు కూడా ఉంది. పాము విడిచిన కుబుసం దొరికితే ఉడుత దాన్ని నమిలి, ఆ ఉమ్మితో ఒళ్లంతా నాకుతుంది. ఒంటికి పాము వాసన పట్టిస్తుంది. ఆడవి, పిల్లలు ఈ పని ఎక్కువగా చేస్తాయి, మగవి తక్కువ. రాత్రి కలుగులో పడుకున్నప్పుడు వాసన పట్టి వచ్చే పామును ఇది ఏమారుస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

శత్రువు పాము ఒక్కటే కాదు. డేగ పైనుంచి దూసుకొస్తే ఒక్క పదునైన ఈల, వెంటనే అందరూ కలుగుల్లోకి. కయోటీ అనే నక్కలాంటి జంతువు, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి లాంటివి నేల మీద వస్తుంటే ఆగి ఆగి కిచకిచమనే అరుపు. నేల మీద వచ్చేదాన్ని గమనించడానికి టైం ఉంటుంది, అందుకే కొన్ని రెండు కాళ్ల మీద నిలబడి చూస్తూనే అరుస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున ఉన్న ఆల్టమాంట్ కనుమలో 1980లలో వేల గాలిమరలు నిలబెట్టాక గోల్డెన్ ఈగిల్ గద్దలు వాటి రెక్కలకు తగిలి చావడం పెద్ద వివాదమైంది. గద్దలు అక్కడికే ఎందుకు వస్తున్నాయంటే ఆ కొండల నిండా ఉన్న ఈ ఉడుతల కోసమే.

కలుగులో అద్దె లేకుండా కాపురముండేవి చాలా ఉన్నాయి. బరోయింగ్ ఔల్ అనే పొడుగు కాళ్ల చిన్న గుడ్లగూబ నేలలోనే గుడ్లు పెడుతుంది. కాలిఫోర్నియాలో అది సాధారణంగా సొంతంగా తవ్వుకోదు, ఉడుత వదిలేసిన కలుగే దానికి ఇల్లు. లోపలికి ఎవరైనా రాబోతే రాటిల్ స్నేక్ గిలకలాంటి బుస పెడుతుంది. ఆ బుసకు ఉడుతలు వెనకాడతాయని ప్రయోగం చేసి చూశారు. ఇల్లు కట్టినవాడినే గుమ్మంలో బెదిరించి పంపేయడం అంటే ఇదే. టైగర్ సాలమాండర్ అనే పసుపు మచ్చల ఉభయచర జీవి సంగతీ అంతే. వానాకాలం వచ్చినప్పుడు నీటి గుంటల్లో గుడ్లు పెట్టి, మిగతా ఏడాదంతా కలుగుల చల్లదనంలో దాక్కుంటుంది. కేంద్ర చట్టం కింద దానికి రక్షణ ఉంది. ఉడుతలను తుడిచిపెట్టిన పచ్చిక బయలులో కొన్నేళ్లకు కలుగులు కూలి పూడిపోతాయి, ఈ రెండూ నిలువనీడ లేకుండా పోతాయి.

ఇది తెలిసి కూడా రైతు కోపాన్ని తప్పుపట్టడానికి లేదు. కాలిఫోర్నియా నడిమధ్య ఉన్న పంటల లోయ సెంట్రల్ వ్యాలీలో బాదం కోతంటే యంత్రంతో చెట్టును కుదిపి కాయలను నేల మీద రాల్చి అక్కడే ఆరబెట్టడం. ఉడుతకు అంతకన్నా విందు ఏముంటుంది? పిస్తా, వాల్‌నట్ తోటలదీ అదే బాధ. లేత చెట్ల బెరడు చుట్టూ కొరుకుతుంది, డ్రిప్ పైపులను కొరికి నీరు వృథా చేస్తుంది. కలుగు తవ్విన మట్టి దిబ్బలు కోత యంత్రాలకు అడ్డం. శాక్రమెంటో, శాన్ వాకిన్ నదుల డెల్టాలో వరద కట్టలను ఇవి బోలుగా చేస్తాయి. కట్టలో పడిన రంధ్రం వెంట నీరు ఊరుతూ పోతే ఏం జరుగుతుందో గోదావరి గట్టున పుట్టినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

రోగాల చరిత్ర ఇంకో బరువు. 1896లో బొంబాయిని కుదిపేసిన ప్లేగు మహమ్మారే ఓడలెక్కి 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. 1908కల్లా అది ఊరి ఎలుకల్లోంచి కాంట్రా కోస్టా కొండల నేల ఉడుతల్లోకి పాకింది. ఎలుకలను చంపితే ఊరు బాగుపడింది గానీ, అడవి జంతువుల్లోకి పోయిన క్రిమి మళ్లీ వెనక్కి రాలేదు. ఇవాళ్టికీ అమెరికా పడమటి రాష్ట్రాల్లో ప్లేగు ఉండిపోవడానికి మూలం అదే. ఆ పరీక్షలు చేస్తూనే జార్జ్ మెకాయ్ అనే వైద్యుడు 1911లో టులేరీ కౌంటీ ఉడుతల్లో ప్లేగులాంటి మరో రోగం కనిపెట్టాడు. దాని పేరు టులరీమియా అయింది.

ఇప్పుడు ఎంత భయపడాలి? అమెరికా మొత్తం మీద ఏటా సగటున 7 ప్లేగు కేసులు వస్తాయి, వాటిలోనూ ఎక్కువ భాగం న్యూ మెక్సికో, ఆరిజోనా, కొలరాడోలవి. టైంకు గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. ప్రమాదం ఉడుత కన్నా దాని మీది గోమార్లతో, అంటే ప్లేగు క్రిమిని మోసే ఫ్లీ అనే రక్తం పీల్చే పురుగులతో, ఎక్కువ. ఉడుత చచ్చి ఒళ్లు చల్లబడగానే గోమార్లు ఇంకో వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లేగు ఉడుత దొరికితే ఆ చోటు కొన్నాళ్లు మూసేసి కలుగుల్లో మందు చల్లుతారు. ఫ్రీమాంట్, మౌంటెన్ వ్యూ వైపు పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు సాయంత్రం నడకలో చూసే ఉడుతలు ఇవే. మనిషి అలవాటైతే చేతిలోని వేరుశనగ గింజ కోసం కాళ్ల దాకా వస్తాయి. మేత వేయడం పార్కుల్లో నిషేధం, అందుకు గోమార్లు ఒక్కటే చాలిన కారణం. చచ్చిపడిన ఉడుతను మాత్రం అసలు ముట్టుకోకూడదు.

తగ్గించుకోక తప్పని చోట రైతుకు తెలియాల్సింది విషం పేరు కన్నా ఉడుత క్యాలెండర్. విషం పట్టించిన గింజలు మార్చిలో చల్లితే దండగ, ఎందుకంటే అప్పుడు దాని నోటికి పచ్చి ఆకే రుచి. గడ్డి ఎండి గింజల వైపు తిరిగాకే ఎర పని చేస్తుంది. పొగ పెట్టడం దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. మన గోదాముల్లో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలనే అక్కడ శిక్షణ పొందినవాళ్లు కలుగుల్లో వేస్తారు. నేల తడిగా ఉంటేనే గ్యాస్ లోపల నిలుస్తుంది, వేసవి పగుళ్లలోంచి అయితే బయటికి పోతుంది. చలికాలంలో వేస్తే ఉడుత మట్టి బిరడా వెనక పడుకుని ఉంటుంది, గ్యాస్ దాని దాకా చేరదు. మిగిలేది చలినిద్ర లేచి, పిల్లలు ఇంకా పుట్టకముందున్న కొద్ది వారాలు. అప్పుడు పోయిన ఒక తల్లి అంటే ఆ కాన్పు మొత్తం పోయినట్టే. రసాయన విషాల్లో చాలావాటిని కాలిఫోర్నియా 2020 నుంచి వరుసగా కట్టడి చేస్తూ వస్తోంది. విషం తిన్న ఉడుతను తిని గద్దలు, నక్కలు చావడమే కారణం. వ్యవసాయానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

చట్టంలో మాత్రం ముడి విడిపోలేదు. పంటకు నష్టం చేసే నేల ఉడుతను పొలం యజమాని చంపుకోవచ్చు, దానికి ఏ రక్షణా లేదు. 2024 అక్టోబరులో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ బరోయింగ్ ఔల్‌ను రక్షిత జాతుల పరిశీలన జాబితాలో చేర్చింది. నిర్ణయం తేలేదాకా దానికీ రక్షిత జాతుల చట్టం వర్తిస్తుంది. అంటే పక్కపక్కనున్న రెండు కలుగుల్లో ఒకదాంట్లో గుడ్లగూబ చేరితే అక్కడ చేయి వేయకూడదు, రెండోదాంట్లో ఉడుత ఉంటే వేయొచ్చు. ఆ ఉడుతే రేపు మూడో కలుగు తవ్వాల్సింది. దక్షిణాన శాన్ డియాగో జూ శాస్త్రవేత్తలు ఇంకో దారి పట్టారు. గుడ్లగూబలు తిరిగి రావాలనుకున్న గడ్డి నేలల్లో ముందు గడ్డి కోయించి, డ్రిల్లుతో మొదటి రంధ్రాలు వేసి, వేరే చోట్ల పట్టిన నేల ఉడుతలను తెచ్చి వదిలారు. నూరేళ్ల కింద తోకకు బహుమతి ప్రకటించిన రాష్ట్రంలోనే ఇప్పుడు జీతాలిచ్చి వాటిని కాపురం పెట్టిస్తున్నారు.